గడువు లేని పత్యం

"గడప కాడ పైలం బిడ్డా. చీర కుచ్చిళ్లు చేత పట్టుకో. కాలికి తట్టుకుంటె పడ్తవు. పడ్తె గా తుంటి లోపట ఏసిన గిన్నె జారుతది. జారుతె మల్ల కోస్తరు. రెండోసారి కోస్తె అతుకదట."

రజిత ఇంకా మంచం మీది నుంచి లేవనేలేదు. వాకర్ గోడకు ఆనించే ఉంది. వీధిలోకి ఆటో కూడా రాలేదు.

"అతుకదని ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలో అన్నరు."

తల్లి అంజవ్వ అప్పటికే గడప దగ్గర నిలబడి, అది తనకే అడ్డమైనట్టు కాలితో తట్టి చూస్తోంది. నెలన్నరగా కోరుట్లలోని ఆ రెండు గదుల ఇంట్లో నేల మీద ఒక్క వస్తువు లేదు. కాళ్లు తుడుచుకునే పట్టా తీసేసింది. నీళ్ల బిందె గట్టెక్కింది. వంటింట్లో తను కూర్చునే పీటను కూడా, బిడ్డ కాలికి ఎక్కడ తగులుతుందోనని, తన మొగుడు ఆనందం చేత సజ్జ మీదికి ఎక్కించింది. అప్పటినుంచి కూరగాయలు నిలబడే కోసుకుంటోంది.

"లేస్తున్న, జర జరుగు" అంది రజిత.

ఆ మంచం కాళ్ల కింద ఇటుకలున్నాయి. మంచం ఎత్తుగా ఉండాలని దవాఖానలో చెబితే, ఆనందం దుకాణంలో కుట్టుమిషన్ ఆపి వచ్చి మరీ పెట్టాడు. రజిత కోసిన కాలిని ముందుకు చాపింది. రెండు అరచేతులూ పరుపు మీద ఆనించి, మంచి కాలి మీద బరువు వేసి లేచింది. లేచేటప్పుడు కింది పెదవిని పళ్ల కింద పెట్టుకుంటుంది. ఆ పెదవి మళ్లీ బయటికి వచ్చేదాకా అంజవ్వ ఊపిరి వదలదు.

"నొప్పా?"

రజిత ఈ ప్రశ్నకు ఎప్పుడూ జవాబు చెప్పదు. వాకర్‌ను ముందుకు జరిపి, దాని వెంట కోసిన కాలు, ఆ కాలి వెంట మంచి కాలు వేసుకుంటూ తలుపు వైపు నడిచింది.

అంతలో ఫోన్ మోగింది. సిరిసిల్ల నుంచి వియ్యపురాలు నర్సవ్వ. ఆమె ఫోన్‌లో బాగున్నారా అనడం ఉండదు.

"కూసుంటున్నదా?"

"మంచిగ నడుస్తున్నది వదినె. ఇయ్యాల జగిత్యాలకు పోతున్నం. ఫొటో తీసి చూస్తరట."

"నడుసుడు సరే. కూసుంటున్నదా అని అడుగుతున్న."

"పత్తెం ఉన్నది గదనే. ఎప్పుడు ఇడువుమంటడో అడుగుత ఇయ్యాల."

"ఇంకెప్పుడు? బాలింతకు గూడ ఇన్నొద్దులు పెట్టం పత్తెం. బీడీల కార్ఖాన మున్షి రోజు అడుగుడే, నీ కోడలు ఏమాయె అని. ఆమె పని కార్డు పోవద్దని ఆమె బీడీలు గూడ నేనే చేస్తున్న. మెడ ఇటు తిరుగుతలేదు నాకు. ఐతారం అస్తున్నం. ఒడిబియ్యం పోసి తోలియ్యి. పొల్ల ప్రణీత గూడ తల్లి తల్లి అని ఏడుస్తున్నది."

ఫోన్ పెట్టేసింది.

తుంటి కీలు మార్చే ఆపరేషన్ చేసిననాడు డాక్టర్ "కింద కూర్చోవద్దు" అన్నప్పుడు ఇరువైపులవాళ్లూ అక్కడే ఉన్నారు. అందరూ తలలూపారు. బాలింతకు వంకాయ వద్దన్నట్టు, కామెర్లు అయినవాళ్లకు నూనె వద్దన్నట్టు ఇది కూడా ఒక పత్యమే అనుకున్నారు. పత్యం అన్నాక విడిచే రోజొకటి ఉంటుంది. ఆ రోజు ఎప్పుడని మాత్రం అప్పుడు ఎవరికీ అడగాలనిపించలేదు. ఇంటికొచ్చాక అంజవ్వే ఒక లెక్క కట్టుకుంది: పత్యం విడిచిననాడు బిడ్డను పీట మీద కూర్చోబెట్టి, ఒడినిండా బియ్యం పోసి, అత్తగారింటికి సాగనంపాలి.

ఆటో హారన్ మోగింది. అంజవ్వ రెండు దిండ్లు చంకన పెట్టుకుంది. ఆటో సీటు పల్లంగా ఉంటుందని, దిండ్లు వేస్తే తప్ప బిడ్డను కూర్చోనివ్వదు.

"లారీల ఎన్క పోకు నాయినా. అవి ఎప్పుడు ఆగుతయో తెల్వది" అంది ఆటోవాడితో, ఆటో ఇంకా కదలకముందే.

*

జగిత్యాల దవాఖానలో ఫొటో తీయడం తొందరగానే అయింది. డాక్టర్ గదిలో రజిత నడక చూశాడు. వాకర్ ఇక అక్కర్లేదు, చేతికర్ర పట్టుకోవచ్చు అన్నాడు. కసరత్తులు చేయించే అమ్మాయి కర్ర తెచ్చి, పొడవు సరిచేసి, "రా అక్కా, మెట్లు ఎక్కుడు చూపెడ్త" అని రజితను వరండాలోకి తీసుకుపోయింది. వాళ్ల వెంట ఆనందం వెళ్లాడు.

గదిలో అంజవ్వ ఒక్కతే మిగిలింది. ఎదురుగా తెర మీద బిడ్డ తుంటి నల్లగా, అందులో దిగేసిన కాడ తెల్లగా, దాని కొసన గుండు. ఆమెకు అది రోకలిలా కనబడింది. అంత బరువు లోపల పెట్టుకుని పిల్ల ఎట్లా నడుస్తోందో.

"సారూ, పత్తెం ఎప్పుడు ఇడుద్దాం?"

"పత్యమేం లేదమ్మా. అన్నీ తినొచ్చు."

"తిండి కాదు సారూ. కింద కూసునుడు."

డాక్టర్ తెర మీది నుంచి చూపు తిప్పాడు. "కింద కూర్చోవద్దని మొదట్లోనే చెప్పాం కదా."

"చెప్పిండ్రు సారూ. నెలన్నర దాటింది గదా, ఇగ..."

"నెలన్నరకు కాదమ్మా. ఎప్పటికీ."

అంజవ్వ చేతిలోని దిండును ఛాతీకి దగ్గరగా లాక్కుంది. "ఎప్పటికి అంటె, ఏడాదా సారూ?"

"ఎప్పటికీ అంటే ఎప్పటికీ. ఆమెది చిన్న వయసు, ఈ కీలు ఎక్కువకాలం రావాలి. కాళ్లు మడిచి కింద కూర్చుంటే, బాగా వంగితే, జారిపోయే ప్రమాదం ఉంది. కుర్చీ, మంచం, టేబుల్, అంతే. అట్లా చూసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. హాయిగా తిరుగుతుంది."

"బీడీలు చేస్తది సారూ."

"టేబుల్ మీద పెట్టుకుని చేసుకోమనండి."

తలుపు దగ్గర ఇంకో మనిషి చక్రాల కుర్చీలో ఎదురుచూస్తున్నాడు. అంజవ్వ పక్కకు జరిగింది.

బయట బెంచీ మీద కూర్చుని ఆమె తన ఒడి వైపు చూసుకుంది. పదేళ్ల వయసులో రజితకు బీడీలు నేర్పింది తనే. కాళ్లు మడిచి కూర్చుంటే ఒడి వెడల్పవుతుంది. దానిలో చాట కుదురుకుంటుంది. తొడ కొంచెం లేపితే తంబాకు దానంతటదే చేతి దగ్గరికి జారుతుంది. కత్తిరించిన తునికాకు ఎడమ మోకాలి పక్కన, చుట్టినవి కుడి పక్కన. కళ్లు మూసుకున్నా చేతులు తప్పవు. బల్ల మీద బీడీలు చేసినవాళ్లను ఆమె కోరుట్లలో చూడలేదు, సిరిసిల్లలో చూడలేదు. సిరిసిల్ల ఇంట్లో పొయ్యి కూడా నేల మీదే. నర్సవ్వకు గట్టు మీద వంట నచ్చదు. తినేది నేల మీద, పడుకునేది నేల మీద.

రజిత కర్ర తాటించుకుంటూ వచ్చింది. చెమట పట్టింది కానీ ముఖం వెలుగుతోంది.

"మెట్లు ఎక్కిన అమ్మా. పైకి మంచి కాలు ముందు, కిందికి కోసిన కాలు ముందు. గంతే. సారు ఏమన్నడు?"

"మంచిగుంది అన్నడు."

"ఇంకేం అనలేదా?"

"ఇంకేమంటడు? గుండు మంచిగ అతికిందన్నడు."

రజిత తల్లి ముఖంలోకి ఒక క్షణం చూసింది. తర్వాత కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "పా, పోదం" అంది.

తిరుగు ప్రయాణంలో ఆటో పక్కనుంచి ఇసుక లారీలు, మొక్కజొన్న ట్రాక్టర్లు, జనం తలుపులకు వేలాడుతున్న బస్సులు పోయాయి. అంజవ్వ నోరు విప్పలేదు. సగం దారి అయ్యాక ఆనందం ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"ఏందే, ఇయ్యాల లారీలు కనవడుతలేవా నీకు?"

అంజవ్వ నవ్వలేదు. రజిత కూడా నవ్వలేదు.

*

మరునాడు శుక్రవారమంతా అంజవ్వ ఇంట్లో ఒక చోట నిలవలేదు. బియ్యం చెరగడానికి చాట తీసి, చాటను చూసి, మళ్లీ పెట్టేసింది. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు తెచ్చుకోవడానికి బజారుకు పోయి, ఖర్జూరాలు మరిచిపోయి వచ్చింది. ఒకసారి కుర్చీ గుర్తుకొచ్చింది. పక్కింటి కళావతి దగ్గర చేతుల కుర్చీ ఉంది. దానిలో కూర్చోబెట్టి పోస్తే? కానీ కుర్చీ వేస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఇంకా పత్యమే అంటే, ఎన్నాళ్లు అంటారు. నర్సవ్వ అడిగిన ప్రశ్నను వదిలే మనిషి కాదు.

చెబితే ఏమవుతుందో అంజవ్వకు తెలుసు. కళ్లముందు సినిమాలా కనబడుతోంది. నర్సవ్వ బియ్యం గిన్నె కింద పెడుతుంది. "అయితె ఇంకొన్నొద్దులు నీ తాన్నే ఉంచుకో వదినె" అంటుంది, మంచిగానే. అల్లుడు మొదట వారానికోసారి వస్తాడు. తర్వాత పండగకు వస్తాడు. పొల్ల నానమ్మకు అలవాటు పడుతుంది. మెట్‌పల్లిలో కళావతి చెల్లెలు నడుము పోయి పుట్టింటికి వచ్చింది, "బాగైనంక తీస్కపోతం" అన్నారు. ఆమె ఇప్పటికీ అక్కడే ఉంది.

చెప్పకపోతే? చెప్పకపోతే ఐతారం నాడు పిల్ల పీట మీద కూర్చుంటుంది. సోమవారం చాట ఒళ్లో పెట్టుకుంటుంది.

కళావతి గోడ మీదుగా పలకరించింది. "ఏందక్కా, ముఖం గట్లున్నది? ఐతారం పోరి పోతుందనా?"

"బస్సుల ఎట్ల పోతదో ఏమో. ఫ్రీ బస్సాయె, ఆడోళ్లతోని నిండి ఉంటది. ఎవలన్న కాలు తొక్కుతె..."

"నీది మరీ చోద్యం! ఎవలు తొక్కుతరు? మనూరి ఆడోళ్లు కర్ర చూస్తె సీటు ఇయ్యరా? మొన్న మా గ్యాసు బండ పేలుతది అన్నవు, పేలిందా? నీ మాట ఇంటె నేను వంట బంద్ పెట్టాలె."

అంజవ్వ చిన్నగా నవ్వి లోపలికి వచ్చింది. అందరికీ తన మాట అంటే నవ్వులాటే.

శనివారం మధ్యాహ్నం ఖర్జూరాల కోసం మళ్లీ బజారుకు పోయి వచ్చేసరికి ముందుగదిలో తంబాకు వాసన. రజిత ఇటుకల మంచం అంచున కూర్చుని ఉంది. ఎదురుగా బియ్యం డబ్బా, దాని మీద చాట. చేతులు ఎత్తి పెట్టుకుని ఆకు చుడుతోంది. తంబాకు చాట అవతలి అంచుకు పోయింది. ఒంగకుండా దాన్ని వేలితో లాక్కుంటోంది. చుట్టిన బీడీ దారం కట్టేలోపు విప్పుకుంటోంది. వదులుగా, వంకరగా చుట్టిన బీడీలు పక్కన ఒక కుప్ప.

"ఇదేందే! ఆకు ఎక్కడిది?"

"కళావతి పిన్ని ఇచ్చింది."

"గా డబ్బా దొర్లుతె మీద పడ్తది. మీద పడ్తె..."

"పడది. నిండ బియ్యమున్నయి."

"రేపట్నించి చేసుడే ఉన్నది గదా. ఒక్కనాటికి ఓపిక లేదా నీకు?"

రజిత విప్పుకున్న ఆకును నాలుకతో తడిపి మళ్లీ చుట్టింది. పెదవి పళ్ల కింద ఉంది. కూర్చున్న చోటనే కోసిన కాలు కొంచెం బయటికి జరుపుకుని, తుంటి పక్క అరచేతితో అదుముకుని, మళ్లీ ఆకు అందుకుంది.

"నొప్పా?"

"అమ్మా, పోయి చాయ్ పెట్టు."

అంజవ్వ చాయ్ పెట్టింది. పాలు పొంగేదాకా చూస్తూ నిలబడింది. పనికి చేతులు గుంజుతున్నట్టున్నాయి పిల్లకు, అనుకుంది. ఆదివారందాకా ఆగకుండా, డబ్బా మీద చాట పెట్టుకుని ఎందుకు చేస్తోందో మాత్రం ఆమె అడగలేదు.

సాయంత్రం సిరిసిల్ల నుంచి కూతురు ప్రణీత ఫోన్ చేసింది. రజిత స్పీకర్‌లో పెట్టింది. "అమ్మా, నానమ్మ జడ గట్టిగ గుంజి ఏస్తది. నువ్వు రేపు అస్తవు గదా? నిజంగ అస్తవా, మొన్నటి తీరుగనా?"

"నిజంగ అస్త. నీ జడ నేనే ఏస్త."

"కింద కూసోని ఏస్తవా? నీకు కాలు నొస్తది గదా?"

"నువ్వు నిలబడు, నేను మంచం మీద కూసుంట" అంది రజిత, ఆ మాట ఎప్పుడో అనుకుని పెట్టుకున్నదానిలా.

అంజవ్వ ఫోన్ తీసుకుని వాకిట్లోకి వచ్చింది. అల్లుడికైనా చెబుదామని లక్ష్మీరాజం నంబర్ నొక్కింది. అతను ఎత్తగానే మరమగ్గాల మోత చెవిలో పడింది. సిరిసిల్లలో సాంచెలు అంటారు వాటిని. ధడధడమని ఆగకుండా కొట్టుకుంటున్నాయి.

"అత్తమ్మా, ఏంది? ఇనవడుతలేదు, జర గట్టిగ చెప్పు!"

వీధిలో అరిచి చెప్పే మాటా ఇది?

"అత్తమ్మా?"

"ఏం లేదు రాజం. రేపు బస్సుల తలుపు కాడ నిలవడకు. పొల్లను లోపట కూసోవెట్టు."

"సరే సరే" అని నవ్వాడు. మోత ఆగిపోయింది.

*

ఆదివారం పొద్దున ఆనందం సజ్జ మీది నుంచి పీట దించాడు. అంజవ్వ దాన్ని కడిగి, పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టింది. పీట తడి ఆరేదాకా దాని ముందే కూర్చుంది. అల్లుడికి ఇంకో పీట కళావతి ఇంటి నుంచి వచ్చింది. తూర్పు ముఖంగా ముగ్గు వేసి రెండూ పక్కపక్కన పెట్టారు. నెలన్నర తర్వాత ఆ ఇంటి నేల మీద వస్తువులు వచ్చాయి.

సిరిసిల్లవాళ్లు పొద్దెక్కేసరికి దిగారు. ప్రణీత పరుగున వచ్చి తల్లి నడుము పట్టుకుంది. "పైలం, పైలం!" అని అంజవ్వ అరిచింది. లక్ష్మీరాజం చెప్పులు విడుస్తూ భార్య చేతి కర్రను చూసి, "వాకర్ పోయిందా?" అన్నాడు సంతోషంగా. అతని చొక్కా భుజం మీద ఇంకా నూలు పోగులున్నాయి. నర్సవ్వ గోడకు చెయ్యి ఆనించి, ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు వంచి, "అమ్మా" అని మూలుగుతూ నేల మీద కూలబడింది. మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి కోడలిని చూసింది.

"బక్కగైనవు."

"లేదు అత్తమ్మా."

"అయినవు. కళ్ల కింద చూడు. నిద్ర లేదా?"

రజిత కొత్త చీర కట్టుకుంది. కళావతి, వీధిలోని ఇంకో ఇద్దరు ముత్తైదువలు వచ్చారు. పసుపు కలిపిన బియ్యం పళ్లెంలో కుప్పగా ఉన్నాయి. పైన కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ. లక్ష్మీరాజం వెళ్లి తన పీట మీద కూర్చున్నాడు. పక్క పీట ఖాళీగా ఉంది.

"ఇగ కూసో బిడ్డా" అంది నర్సవ్వ.

రజిత కర్రను ప్రణీత చేతికి ఇచ్చింది. ఒక అరచెయ్యి గోడకు ఆనించింది.

అంజవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "వదినె, జర ఆగు. కింద కూసుంటె ఒకవేళ... గా గుండు జారుతదేమో. జారుతె మల్ల జగిత్యాల పోవాలె. దారి పొడుగూత..."

"మల్ల షురూ జేసినవా!" నర్సవ్వ చేతులు విదిలించింది. "నీ భయానికి అడ్డుంటదా వదినె? గీ పొల్ల పుట్టిననాడు మెడ నిలవది అన్నవు. నిలవలేదా? చూడు, తాడిచెట్టు లెక్క నిలవడ్డది. పెండ్లినాడు పందిరి కూలుతది అన్నవు. కూలిందా?"

ముత్తైదువలు నవ్వారు. "నాకు గ్యాసు బండ పేలుతదన్నది" అని కళావతి అందుకుంది. ఆనందం కూడా మీసాల్లో నవ్వాడు. అలవాటు కొద్దీ అంజవ్వ పెదవులు కూడా కొంచెం విచ్చుకున్నాయి. పోనీ, అనిపించింది ఒక్క క్షణం. ఎప్పటిలాగే ఇది కూడా తన ఉత్త భయమే అయితే. అవేవీ కాలేదు కదా, ఇది కూడా కాదేమో.

రజిత కోసిన కాలిని ముందుకు చాపింది. గోడ మీది చెయ్యి కిందికి జారడం మొదలైంది. మంచి మోకాలు వంగింది. నడుము ఒంగింది. పెదవి పళ్ల కిందికి పోయింది.

"కూసోకు."

ఆ గొంతు తనదేనని అంజవ్వకు వెంటనే తెలియలేదు. ముందుకు వచ్చి బిడ్డ చంకల కింద చేతులు వేసి నిలబెట్టింది. తర్వాత నర్సవ్వ వైపు తిరిగింది.

"డాక్టర్ చెప్పిండు. కింద కూసోవద్దు. ఎప్పటికి."

ఆ మాటలో 'ఒకవేళ' లేదు. 'జారుతె', 'పడ్తె' లేవు. అంజవ్వ నోట ఇంత పొట్టి మాట ఎవరూ విని ఉండరు. కళావతి నవ్వు సగంలో ఆగింది. నర్సవ్వ ఒళ్లంతా తిప్పి ఆమెను చూసింది.

"ఎప్పుడు చెప్పిండు?"

"మొన్న. జగిత్యాలల."

"మరి మొన్నటిసంది ఏమైంది నీ నోరు? గ్యాసు బండకు లేస్తది, లారీకి లేస్తది, గిప్పుడు లెవ్వలేదా?"

అంజవ్వ తల దించుకుంది. రజిత తల్లి చేతిని తన చంక కింది నుంచి మెల్లగా తీసి, తన చేతిలో పట్టుకుంది.

"నాకెరికే అత్తమ్మా" అంది. "ఆపరేషనైన తెల్లారే కసరత్తు చేపిచ్చే పిల్ల చెప్పింది."

"నీకెరికనా?" అంజవ్వ బిడ్డ వైపు తిరిగింది. "మరి నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తె తింటవా అమ్మా నువ్వు? పంటవా?"

"మరి గిప్పుడెందుకు కూసోవట్టినవు?"

రజిత కూతురి వైపు చూసింది. ప్రణీత కర్రను రెండు చేతులతో నిలబెట్టి పట్టుకుంది, అది పడితే ఏదో అయిపోతుందన్నట్టు.

"ఒక్కపారే గదా అనుకున్న. బియ్యం కట్టుకోని ఇంటికి పోతె సాలు అనుకున్న. డబ్బా మీద చాట పెట్టుకోని చేసి చూసిన అత్తమ్మా. వంకర అస్తున్నయి. చెయ్యంగ చెయ్యంగ అలవాటైతదేమో. కాకపోవచ్చు గూడ."

ముత్తైదువల్లో ఒకామె బియ్యం పళ్లేన్ని కొంచెం వెనక్కి జరిపింది. ఆ చప్పుడు అంజవ్వకు వినబడింది. తను ఈ మూడు రోజులుగా చూసిన సినిమాలో మొదటి చప్పుడు అదే.

అయినా ఆమె ఆగలేదు. ఇప్పుడు ఆగితే మళ్లీ ఎప్పటికీ రాదు.

"వదినె, ఇగ నీ కోడలు కిందికి కూసోదు. చాట ఒళ్లె పెట్టుకోదు. నేల మీద పొయ్యి కాడికి ఒంగది. నీ ఎదురుంగ గోడకు ఆనుకోని బీడీలు చెయ్యది. గీ మనిషి ఇంతే. తీస్కపోతవా, నా తాన ఇడిసి పోతవా? బాగైనంక అని చెప్పకు. ఇదే బాగైనట్టు. గిప్పుడే చెప్పు."

నర్సవ్వ చూపు కిందికి దించింది.

ఫ్యాను తిరుగుతోంది. పళ్లెంలోంచి ఒక ఖర్జూరం జారి నేల మీద పడింది. ఎవరూ తీయలేదు. లక్ష్మీరాజం తల్లిని చూశాడు, భార్యను చూశాడు. తర్వాత తన పీట మీది నుంచి లేచి రజిత పక్కన నిలబడ్డాడు. నిలబడ్డాడు, అంతే.

నర్సవ్వ చూపు కోడలి ముఖం మీద లేదు. ఆమె తన చేతులను చూసుకుంటోంది. బొటనవేలు కొసన, చూపుడువేలు కొసన చర్మం నల్లగా గట్టిపడి, తంబాకు రంగు దిగి ఉంది. ఇద్దరి బీడీలు చేసిన చేతులవి. ఆ చేతుల్లో ఒకటి మోకాలి మీదికి పోయి మోకాలి చిప్పను రుద్దింది. రెండోది మెడ వెనక్కి పోయింది. చాలాసేపు అక్కడే ఉంది.

తర్వాత గోడ పట్టుకుంది. లేవడం కుదరలేదు. మళ్లీ ప్రయత్నించింది. కళావతి సాయం రాబోతే వద్దన్నట్టు తల ఊపి, ఒక మోకాలు నేలకు ఆనించి, దాని మీద బరువంతా వేసి, మూలుగుతూ లేచి నిలబడింది. ఊపిరి ఆడేదాకా ఆగింది. కొడుకు వైపు, మనవరాలి చేతిలోని కర్ర వైపు, కోడలి కాళ్ల వైపు చూసింది. కొత్త చీర కుచ్చిళ్లు పీట అంచుకు తగులుతున్నాయి.

అంజవ్వ ఊపిరి బిగబట్టింది.

"ముందుగాల గా పీట తియ్యి వదినె" అంది నర్సవ్వ. "కాళ్లల్ల అడ్డమున్నది. తట్టుకుంటె పడ్తది."